కృత్తిక నాటి సగటు

తిరువళ్ళూరులో ఒక కల్యాణమండపం మేడ మీద మా బడి లెక్కల అయ్యవారి సంతాపసభ పెట్టారు. నేను తిరుత్తణి నుంచి పాసింజరు పట్టుకుని వెళ్ళాను. మొదట మాట్లాడినాయన, "అయ్యవారు ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారు" అన్నాడు. రెండో ఆయన అదే మాట అరవంలో అన్నాడు. మూడో ఆయన లేచి, "ఒక్కరి మనసు నొప్పించి ఎరగరు" అని కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. చెయ్యెత్తాను. "పెద్దాయనా, టిఫిను చల్లారిపోతాది, ఇంకోసారి మాట్లాడుదురు గాని" అని మైకు కట్టేశారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

తొమ్మిదేళ్ళు ఆ మనిషి ఉన్న బళ్ళో పనిచేశాను. తొమ్మిదేళ్ళలో ఆయన మూడుసార్లు నవ్వాడు. అందులో ఒకటి నవ్వో దగ్గో నాకిప్పటికీ అనుమానమే, కాబట్టి రెండున్నర అని వేసుకోండి. ఇక నొప్పించకపోవడం మాటకొస్తే, హెడ్మాస్టరును నొప్పించాడు, టీ అంగడి ఆసామిని నొప్పించాడు, చేతులు చూసి జాతకం చెప్పేవాణ్ణి ఏడిపించాడు, నన్ను నొప్పించాడు. చివరికి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరును నొప్పించి దాని ఫలం అనుభవించాడు. ఇంతమందిని నొప్పించిన మనిషిని పట్టుకుని చల్లని చిరునవ్వుల మూర్తిని చేసి దండ వేస్తే, అది సంతాపం కాదు, దొంగలెక్క.

నేను ఆ బళ్ళో ప్యూనుని. అరక్కోణం రోడ్డు మీద పెంకుల కప్పు బడి. గంట కొట్టడం, కుండలో నీళ్ళు నింపడం, హాజరు రిజిస్టరు తరగతి తరగతికీ తిప్పడం నా పని. నా చదువు ఐదో తరగతితో సరి. ఆ తరువాత నాకు వచ్చిందంతా తెలుగు సెక్షను కిటికీ కింద స్టూలు వేసుకుని కూచుని విన్నదే. గొప్ప కోసం చెప్పడం లేదు, కోపంతో చెబుతున్నాను. లోపల బెంచీల మీద కూచుని విన్నవాళ్ళు ఇవాళ ఆఫీసర్లయి, టీవీలో నలుగురు మాట్లాడితే "దేశమంతా ఇట్లే అనుకుంటోంది" అని నమ్ముతున్నారు. కిటికీ కింద కూచున్న నేను మాత్రం నమ్మడం లేదు.

సరిహద్దు గీత అటు నుంచి ఇటు జరిగి మేము ఆంధ్రా నుంచి మద్రాసు రాష్ట్రం వైపు పడినాక, ఆ బళ్ళో అరవం తరగతులు పెరిగాయి, తెలుగు తరగతులు తరిగాయి. డెబ్భైలు సగం గడిచేసరికి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల తెలుగు పిల్లలు మొత్తం కలిసి ఒక్క గదిలోకి వచ్చారు. దాన్నే తెలుగు సెక్షను అనేవాళ్ళం. దానికి ఆయన లెక్కల అయ్యవారు. తిరువళ్ళూరులో కాపురం, రోజూ రైల్లో రాకపోకలు.

ఆయన వింటున్నాడో లేదో తెలియాలంటే ముఖం చూసి లాభం లేదు. వీపు వెనక్కి వెళ్ళి ఎడమ చెయ్యి చూడాలి. బొటనవేలు మిగతా వేళ్ళ గణుపుల మీద మెల్లగా నడుస్తూ ఉండేది. మీరు మాట్లాడుతున్నంతసేపూ ఆయన మీ మాటల్లో ఏదో ఒకటి లెక్కపెడుతున్నాడన్నమాట. ఒకసారి హెడ్మాస్టరు స్వాతంత్ర్య దినాన ముప్పావుగంట ఉపన్యసించి దిగగానే, "త్యాగం అనే మాట నలభై ఒక్క తూరి వచ్చినాది సార్" అన్నాడు. హెడ్మాస్టరు దాన్ని మెప్పనుకుని వారం రోజులు సంతోషంగా ఉన్నాడు.

పాఠ్యపుస్తకంలో గణాంకాల పాఠం ఉండేది. దాంట్లో 'పౌనఃపున్యం' అని ఒక మాట. పిల్లలు దాన్ని పలకబోయి నాలుక కరుచుకునేవాళ్ళు. అయ్యవారు ఆ మాట బోర్డు మీద రాసి, ఒక నిమిషం చూసి, తుడిచేసి, 'ఎన్ని తూర్లు' అని రాశాడు.

"ఇంతే. పుస్తకం రాసినాయనకు ఉద్యోగం నిలవాల గదా, అందుకని అట్ల రాసినాడు. పరీక్షలో ఆయన మాట రాయండి. బయట నా మాట అడగండి."

ఆయన బయట అడిగేవాడు. రైలు దిగి నడిచి వస్తూ టీ అంగడి దగ్గర ఆగితే, ఆసామి పలకరింపుగా, "ఏమయ్యోరా, మీ రైలు ఎప్పుడు జూసినా లేటేనే!" అనేవాడు.

"ఎన్ని తూర్లు సూసినావు?"

"దినామూ సూస్తానే ఉండా గదప్పా."

"నిన్న?"

"నిన్న... నిన్న అంగడి తీయలా."

"మొన్న?"

"మొన్న టయానికే వచ్చినాది."

"అట్లయితే దినామూ అనద్దు. ఆ మాట నీ టీ మాదిరి ఉండాది. నీళ్ళు జాస్తి."

నేనూ తప్పించుకోలేదు. ఒకరోజు కుండలో నీళ్ళు పోస్తూ, "మా ఇంటిది ఎప్పుడూ జగడమే అయ్యోరా" అన్నాను. ఆయన జేబులోంచి పాత రైలు టిక్కెట్టు ఒకటి తీసి దాని వెనక నడిమికి గీత గీసి ఇచ్చాడు. "ఇటు పక్క ఆమె మొదలుబెట్టినవి. అటు పక్క నువ్వు మొదలుబెట్టినవి. నాలుగు గీతలు నిలువు, ఐదోది అడ్డం. నెలైనాక తెచ్చి సూపించు." నెల గీశాను. ఆమె వైపు ఏడు, నా వైపు పదకొండు. ఆ టిక్కెట్టు ఆయనకు చూపించలేదు. ఆయన అడగనూ లేదు. కానీ మా ఇంటిదాని గురించి నేను ఆ బళ్ళో మళ్ళీ నోరెత్తలేదు.

సగటు ఆయన చెప్పిన తీరు మీకు చెప్పాలి. పిల్లలను తొమ్మిదిమందిని వెంటబెట్టుకుని బడి ఎదురుగా ఉన్న కట్టెల డిపోకు వెళ్ళాడు. అక్కడ గొలుసులకు పలక వేలాడే పెద్ద కాటా ఉంది. ఒక్కొక్కణ్ణీ ఎక్కించి తూచాడు. మొత్తం కలిపితే రెండువందల డెబ్భై కిలోలు. "తొమ్మండుగురికి పంచితే?" "ముప్పై అయ్యోరా!" అంతలో హెడ్మాస్టరు, పిల్లలు రోడ్డు దాటారేమని అరుస్తూ వచ్చాడు. ఆయన భారీ విగ్రహం. అయ్యవారు వినయంగా, "సార్, పాఠం కోసరం ఒక నిమిషం కూచోండి" అన్నాడు. పాఠం అనేసరికి ఆయన కాదనలేక పలక మీద కూచున్నాడు. పైనున్న దూలం కిర్రుమంది. డిపో ఆసామి రెండు చేతులూ ఎత్తి దూలానికి దండం పెట్టాడు. తొంభై కిలోలు.

"ఇప్పుడు పదిమంది. మూడువందల అరవై. సగటు ఎంతరా?"

"ముప్పై ఆరు!"

"అంటే మీరు ఒకొకరు ఆరు కిలోలు లావైపోయినారు. ఒక మెతుకు తిన్నారా?"

"లేదయ్యోరా!"

"సారు దిగినాక మళ్ళా బక్కసిక్కిపోతారు. సగటు అంటే ఇదిరా. ఎవురు కూచున్నారో సూడకుండా నమ్మితే, ఆకిలి గొన్నవాడు కూడా లావుగానే కనబడతాడు."

తరువాత పిల్లలను బరువు వరుసలో నిలబెట్టి నడిమివాణ్ణి ముందుకు పిలిచి, హెడ్మాస్టరును వరుస చివర నిలబెట్టాడు. "మధ్యగతం ఇది. ఎంత పెద్దాయన వచ్చి ఆ కొసన నిలబడినా, నడిమి చోటు ఒక అర అడుగు జరగతాది, అంతే."

"ఏమప్పా, ఈ లెక్క నన్ను తిట్టినట్టుండాదే?" అన్నాడు హెడ్మాస్టరు.

"లేదు సార్. మీరు లేకపోతే ఈ పాఠమే లేదు," అన్నాడు అయ్యవారు. అప్పుడు నవ్వాడు. మూడింట్లో మొదటిది అది. మిగతావి మీకు అక్కర్లేదు.

ఇక అసలు సంగతి.

తిరుత్తణిలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తక్కినవాళ్ళ కోసం చెబుతున్నాను. ఇరవై ఏడు రోజులకోసారి కృత్తిక నక్షత్రం వస్తుంది. ఆ రోజు కొండ మీది గుడికి జనం విరగబడతారు. కావళ్ళు, గుండ్లు, పూలు, కర్పూరం. మా తెలుగు సెక్షను పిల్లల తల్లిదండ్రులు ముప్పాతికమంది కొండ కింద బతికేవాళ్ళే. పూలు కట్టేవాళ్ళు, గుండ్లు గీసేవాళ్ళు, కావళ్ళు బాడుగకు ఇచ్చేవాళ్ళు, జట్కావాళ్ళు. ఆ ఒక్క రోజు అమ్మకం మీద నెలంతా గడవాలి. కాబట్టి ఆ రోజు పిల్లలు బడికి రారు. బుట్టలు మోస్తారు, చెప్పులకు కాపలా ఉంటారు, పూలకు నీళ్ళు చల్లుతారు. మామూలు రోజుల్లో ముప్పై, ముప్పై అయిదుమంది ఉండే గదిలో కృత్తిక నాడు పదిమంది ఉంటే గొప్ప.

స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు తిరువళ్ళూరు వైపు నుంచి వచ్చేవాడు. ఆయనకు కొండ మీది స్వామికి మొక్కు. మంచిదే, భక్తిని నేనెందుకు కాదంటాను! అయితే ఆ మొక్కుకు సర్కారు ప్రయాణభత్యం కలిపాడు. కృత్తిక నాడు పొద్దున బడి తనిఖీ, పది నిమిషాలు. ఆ తరువాత నేను కొబ్బరికాయలు, పూలు, తమలపాకులు ఉన్న సంచీ మోసుకుంటూ ఆయన వెంట కొండెక్కాలి. వచ్చిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టుకునేవాడు. మొదటిసారి పదకొండు. రెండోసారి తొమ్మిది. మూడోసారి పదమూడు. కూడాడు, మూడుతో భాగించాడు, సగటు హాజరు పదకొండు అని రాశాడు. కూడిక తప్పు కాదు, భాగహారం తప్పు కాదు. ఈ దేశంలో చాలా అన్యాయాలు ఇట్లాగే జరుగుతాయి, లెక్క తప్పకుండా.

మూడోసారి వెళ్తూ వెళ్తూ హెడ్మాస్టరుతో అన్నాడు: "వచ్చే తూరి నేను వచ్చేటప్పుడు ఇరవై తలలు కనిపించాల. లేకపోతే జూన్ నుంచి తెలుగు సెక్షను ఎత్తేసి అరవంలో కలిపేస్తా. వేరే దారి లేదు."

ఆ మాట మధ్యాహ్నానికి కొండ కింది వీధులన్నీ తిరిగింది. సెక్షను పోతే కొందరు మగపిల్లలు ఎట్లాగో అరవంలో చదువుకుంటారు. ఆడపిల్లల పని మాత్రం అంతటితో సరి. మునెమ్మ అని ఒక పిల్ల ఏడో తరగతి చదివేది. పూలమ్మే ఆమె కూతురు, వేళ్ళకు ఎప్పుడూ నార మరకలు. వాళ్ళమ్మ బడి గేటు దగ్గరికి వచ్చి నాతోనే తేల్చి చెప్పింది: "అరవంలో మళ్ళా మొదటినించి సదివించేదానికి నాతో కాదు తమ్ముడూ. ఈ గది మూస్తే నా కూతురు పూలబుట్ట కాడ కూచుంటాది. అంతే."

హెడ్మాస్టరు ఆమెనే పట్టుకుని కసిరాడు. "కిర్తిక నాడు పిల్లను బడికి పంపిస్తే ఏమి పోతాది మీకు?"

"ఏమి పోతాదా సార్? ఆ పొద్దు పూలమ్మకపోతే నెలంతా మాకు మీరు వండి పెడతారా? ఆ ఇన్‌స్పెక్టరయ్యకు నెలలో ఇంకో దినమే దొరకలేదా?"

ఆమె అన్న ఆఖరి మాట హెడ్మాస్టరు విననట్టు నటించాడు. ఆయనకు వేరే ఉపాయం ఉంది. పక్క ఊరు కే.జీ.కండిగైలో ఆయన బావమరిది ఒకడు పంతులు. ఆ బళ్ళోంచి పదిమంది పిల్లలను ఎద్దుబండి మీద తెచ్చి ఆ ఒక్కపూట మా గదిలో కూచోబెడితే ఇరవై దాటుతుంది! ఈ అరువు పిల్లల సంగతి అయ్యవారితో చెబితే, ఆయన చెయ్యి వీపు వెనక్కి వెళ్ళింది.

"బండిలో పదిమంది పడతారు సార్. ఇన్‌స్పెక్టరు వాళ్ళను పేరడిగితే ఎవురి పేరు చెప్పాల?"

"నీకు సెక్షను నిలవద్దా అప్పా?"

"నిలవాల సార్. ఉన్న పిల్లోళ్ళతోనే నిలవాల."

ఆ వారమే ఆయన పాఠం మొదలుపెట్టాడు. కమ్మీ చిత్రం. పిల్లలు పాత క్యాలెండరు కాగితాలు తెచ్చారు. వాటిని గంజితో ఒకదానికొకటి అతికించి వెనకవైపు గళ్ళు గీశారు. జూన్ నుంచి ఆ రోజు దాకా, బడి నడిచిన ప్రతి రోజుకూ ఒక కమ్మీ. ఆ రోజు ఎంతమంది వచ్చారో అంత ఎత్తు. రిజిస్టరు నేనే తెచ్చి ఇచ్చాను. మునెమ్మ పేర్లు చదివితే తక్కినవాళ్ళు గీతలు గీసి, ఐదులు కట్టి, కూడి, కమ్మీలు నిలబెట్టారు. పదిరోజులు పట్టింది. గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా దువ్వెన పళ్ళ మాదిరి కమ్మీలు. నడుమ నడుమ పళ్ళు విరిగినట్టు పొట్టి కమ్మీలు ఏడు.

"ఆ పొట్టివి ఏమి?" అన్నాడు అయ్యవారు.

"కిర్తికలు అయ్యోరా!" అని గది అంతా ఒక్కసారిగా అరిచింది. కొండ కింది పిల్లలకు అది పంచాంగం చూసి చెప్పవలసిన సంగతి కాదు. మునెమ్మ ఇంటి నుంచి పసుపు తెచ్చి ఆ ఏడు కమ్మీలకూ పూసింది.

అయ్యవారు కిటికీ దగ్గరికి వచ్చి కింద స్టూలు మీదున్న నన్ను పిలిచాడు. "ఇన్‌స్పెక్టరు వచ్చిన దినాలు నీకు గుర్తుండాయా?"

గుర్తు లేకేం! సంచీ మోసింది నా భుజం. మూడు తేదీలూ చెప్పాను. పిల్లలు కుంకుమ తీసుకుని ఆ తేదీల మీద బొట్లు పెట్టారు. మూడు బొట్లూ పసుపు మీదే పడ్డాయి. ఒక్కటి కూడా తెల్ల కాగితం మీద పడలేదు. తరువాత వెనక బెంచీలో ఎవడో, "ఆయన మమ్మల్ని సూసేదానికి రాలా. మేము లేనప్పుడు సూసేదానికి వస్తాడు" అన్నాడు.

అయ్యవారు వాణ్ణి కసరలేదు. మెచ్చుకోనూ లేదు. "ఆయన అబద్ధం రాయలేదురా. ఆయన సూసింది ఆయన రాసినాడు. సూసిన దినాలు ఏవో అది రాయలేదు," అని గంట కొట్టమన్నట్టు నా వైపు చూశాడు.

మరుసటి కృత్తికకు ముందురోజు మధ్యాహ్నం హెడ్మాస్టరు ఆ గదిలోకి వచ్చాడు. గోడ చూశాడు. వేలు పెట్టి బొట్లు మూడూ తడిమాడు. బయటికి వచ్చి నాతో అన్నాడు: "రేపు ఆయన వస్తాడు. ఇది సూసినాడంటే సెక్షను ఒకటే కాదు, మనందరి కథ ముగిసిపోతాది. తీసేయ్."

"అయ్యోరిని అడిగి..."

"నీ ఉద్యోగం ఆయన ఇచ్చినాడా, నేను ఇచ్చినానా?"

అయ్యవారు వరండా చివర అన్నం తింటున్నాడు. నేను లోపలికి వెళ్ళి పటం చించాను. గంజి గట్టిగా పట్టింది కాబట్టి ముక్కలు ముక్కలుగా వచ్చింది. వాటిని నీళ్ళకుండ వెనక బుట్టలో కుక్కాను. చేతులకు పసుపంటుకుంది. ఎంత కడిగినా పోలేదు. అయ్యవారు క్యారియరు కడుక్కుని వచ్చి గోడ చూశాడు, నా చేతులు చూశాడు.

"గంజి బాగానే పట్టినాదే. సున్నం కూడా లేసొచ్చేసినాది," అన్నాడు. అంతే. ఆ పొద్దు సాయంత్రం దాకా గుణకారాలు చెప్పాడు.

కృత్తిక నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అరువు పిల్లలు రాలేదు. కండిగై ఎద్దులు కూడా ఆ రోజు కావడివాళ్ళనే మోస్తున్నాయి మరి! గదిలో పన్నెండుమంది. మునెమ్మ వచ్చింది. తెల్లవారి నుంచి పూలు కట్టి, తల్లిని ఎట్లా ఒప్పించిందో గాని, చేతికి నార చుట్టుకునే వచ్చింది. ఇన్‌స్పెక్టరు వేలితో తలలు లెక్కపెట్టి పుస్తకంలో 'పన్నెండు' అని వేశాడు. నేను గుమ్మంలో కొండ సంచీ పట్టుకుని నిలబడ్డాను. కొబ్బరికాయలు మూడు, బయటికి కనబడుతున్నాయి.

తనిఖీ అన్నాక ఒక ప్రశ్న అయినా అడగాలి గదా. "సగటు అంటే ఏమి? ఎవరు చెప్తారు?" అన్నాడు, గడియారం చూసుకుంటూ.

మునెమ్మ లేచింది. "అన్నీ కూడి, ఎన్ని ఉండాయో ఆ లెక్కతో భాగిస్తే వచ్చేది సార్."

"గుడ్. కూర్చో."

ఆమె కూచోలేదు. "మా సెక్షనుది సెప్పనా సార్? జూన్ నించి సూస్తే ముప్పై ఒకటి. కిర్తికలు మాత్రం సూస్తే పదకొండు."

"ఎన్నమ్మా ఇది, ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవురూ సెప్పలా సార్. మేమే లెక్కబెట్టినాము." ఆమె సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళింది. పొడుగు కమ్మీలు, నడుమ పొట్టివి ఏడు. గుర్తుతోనే గీసింది. కాగితం చించితే పోవడానికి ఆ లెక్క కాగితం మీద పుట్టలేదు. తరువాత ఆ ఏడింట్లో మూడింటి నెత్తిన గుండ్రాలు పెట్టింది.

"ఈ గుండ్రాలు ఏమి?"

"మీరు వచ్చిన దినాలు సార్."

ఇన్‌స్పెక్టరు బోర్డు చూశాడు. అయ్యవారిని చూశాడు. అయ్యవారు గోడకు ఆనుకుని చేతులు ముందుకు కట్టుకుని ఉన్నాడు. వేళ్ళు కదలడం లేదు. ఇన్‌స్పెక్టరు హెడ్మాస్టరు వైపు తిరిగాడు. "అప్పిడియా, అట్లనా? నేను కృత్తికకే వస్తున్నానా?"

హెడ్మాస్టరు చెమట తుడుచుకుంటూ ఆ ప్రశ్నను నా మీదికి తోశాడు. "నువ్వే గదా సారు వెంబడి పోయేది. చెప్పప్పా. సారు కిర్తిక నాడే వచ్చినారా?"

ఒక్క మాట. అవునంటే ఆ పిల్ల గీసిన బోర్డుకు ఒక సాక్షి దొరికేవాడు. ఆ తేదీలు ఇచ్చింది నేను. చేతిలో ఆ రోజు కొబ్బరికాయలు కూడా ఉన్నాయి.

"గుర్తు లేదు సార్," అన్నాను.

పిల్లలు పన్నెండుమందీ సంచీ వైపు చూసి గొల్లున నవ్వారు. ఇన్‌స్పెక్టరు కూడా సంచీ చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది. అయ్యవారు మాత్రం నవ్వలేదు. తల దించుకున్నాడు, తప్పు చేసింది తనే అన్నట్టు. ఇన్‌స్పెక్టరు పుస్తకం సంతకం పెట్టకుండానే మూసి, బయటికి వచ్చి, నా చేతిలో సంచీ లాక్కుని ఒక్కడే కొండ వైపు నడిచాడు.

పదిరోజుల తరువాత, ఏ విశేషమూ లేని ఒక బుధవారం నాడు, చెప్పకుండా వచ్చాడు. తలలు లెక్కపెట్టాడు. ముప్పై నాలుగు. పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు. నెల తిరగకుండా రిపోర్టు వచ్చింది. హెడ్మాస్టరు దాన్ని ప్రార్థన దగ్గర గట్టిగా చదివాడు. ఇన్‌స్పెక్టరు గారి అవిరామ పర్యవేక్షణ ఫలితంగా తెలుగు సెక్షను హాజరు పదకొండు నుంచి ముప్పై నాలుగుకు పెరిగిందట! సెక్షనును కొనసాగించవచ్చునట. పిల్లలు చప్పట్లు కొట్టారు. మునెమ్మ వాళ్ళమ్మ ఆ సాయంత్రం గేటు దగ్గరికి వచ్చి, అయ్యవారికని నాకు రెండు మూరల మల్లెపూలు ఇచ్చి వెళ్ళింది. పెళ్ళాం తలలో పెట్టమని చెప్పమంది.

ఆ కవరులోనే ఇంకో కాగితం ఉంది. అది ప్రార్థన దగ్గర చదవలేదు. పాలనా కారణాల వల్ల లెక్కల అయ్యవారిని సముద్రం ఒడ్డున పళవేర్కాడు వైపు ఒక బడికి బదిలీ చేశారు. తిరువళ్ళూరు నుంచి పొన్నేరికి ఒక బస్సు, పొన్నేరి నుంచి ఉప్పుటేటి గట్టు దాకా ఇంకో బస్సు. ఏ పాలన, ఏ కారణం అని ఆ కాగితంలో రాయలేదు. సభలో మాట్లాడిన ముగ్గురిలో ఒక్కరూ ఈ బదిలీ మాట ఎత్తలేదు. వాళ్ళ లెక్కలో ఆయన 'అనేక ప్రాంతాలలో సేవలందించారు'.

ఆయన వెళ్ళిన రోజు నేను రైల్వేస్టేషను దాకా గొడుగు మోశాను. క్షమించమని అడగాలని నోటి దాకా వచ్చింది. ఆయన ప్లాట్‌ఫారం చివర రొయ్యల బుట్టలతో దిగిన మనిషిని పట్టుకుని, పొన్నేరి బస్సులు ఎన్ని గంటలకు బయలుదేరతాయి, వర్షాకాలం ఎన్ని రోజులు ఆగిపోతాయి అని అడుగుతూ ఉన్నాడు. రైలు వచ్చింది. గొడుగు తీసుకున్నాడు. "గంట సరిగ్గా కొట్టు," అన్నాడు. ఎక్కాడు.

జూన్‌లో బడి తెరిచారు. సెక్షను ఉంది, గది ఉంది, పిల్లలు ముప్పై ఆరుమంది ఉన్నారు, లెక్కలు చెప్పేవాడు లేడు. రిజిస్టరులో 'పోస్టు ఖాళీ' అని ఉండేది. జూలై వచ్చింది, ఆగస్టు వచ్చింది. గదిలో గోల ఎక్కువై అరవం అయ్యవార్లు మొర పెట్టుకుంటే, హెడ్మాస్టరు నన్ను పిలిచి, "లోపలికి పోయి కూచో. గమ్ముగా ఉండమని చెప్పు, చాలు" అన్నాడు.

స్టూలు కిటికీ కిందనే వదిలేసి లోపలికి వెళ్ళాను. తొమ్మిదేళ్ళు వింటూ వచ్చిన గదిలో లోపలి వైపు నిలబడడం అదే మొదలు. పిల్లలు లేచారు. కూచోమన్నాను. సుద్దముక్క తీసుకున్నాను. బోర్డు పక్కన గోడ మీద సున్నం లేచిపోయిన చోటు అట్లాగే ఉంది, ఎవరూ పూయలేదు. దాని ముందు నిలబడి లెక్క చెప్పడం నావల్ల కాలేదు.

"ఆ పటం చించింది నేనే," అన్నాను. "ఆ పొద్దు సార్ ముందర చెప్పింది కూడా అబద్ధమే. నాకు మూడు తేదీలూ గుర్తుండాయి."

మునెమ్మ అప్పటికి ఎనిమిదిలోకి వచ్చింది. ముందు బెంచీలో కూచుని పుస్తకం తెరుస్తూ, తల ఎత్తకుండానే అంది: "తెలుసులే మామా. మాకందరికీ తెలుసు. కూచొని చెప్తావా, నిలబడి చెప్తావా? హాఫియర్లీ పరీక్షకు నాలుగు నెలలే ఉండాయి."

నిలబడే చెప్పాను.